దెబ్బకు లెక్క

ధర్మపురిలో గోదావరి ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి ఆలయమున్నది. ఆ ప్రాంగణములోనే యమధర్మరాజుకు ఒక గుడి కలదు. యమునికి గుడి కట్టి పూజించే ఊళ్ళు మన దేశములో అరుదు. యాత్రికులు అక్కడి గండదీపములో నూనె పోసి, తమ గండములు తొలగవలెనని మ్రొక్కుకుంటారు. యముడు తీర్పు చెప్పేవాడు, చిత్రగుప్తుడు లెక్క వ్రాసేవాడు. తీర్పరి ఒకరు, లెక్కరి మరొకరు. ఈ రెండు పనులను వేరుచేసి ఆలోచించిన మన పూర్వుల ఊహ చిన్నది కాదు. ఇద్దరు మనుషులు బలము పట్టి పోరాడేచోట ఎవరు గెలిచారో చెప్పడానికి నాగరిక ప్రపంచము నూటయేబది సంవత్సరాలుగా పడుతున్న పాట్లన్నీ ఈ రెండు పనుల మధ్య జరుగుతున్న తగవే.

ధర్మపురి నుండి గోదావరి వెంట ఎగువకు పోతే నిర్మల్, నిజామాబాదు ప్రాంతములు వస్తాయి. మహారాష్ట్ర సరిహద్దును ఆనుకొని ఉన్న గ్రామాలలో జాతర చివర కుస్తీలు పెట్టడము ఆచారము. మొదటి జోడీ కొబ్బరికాయ కోసము పట్టు పడుతుంది. క్రమముగా పందెము పెరిగి చివరి కుస్తీకి వెండి కడియము దాకా పోతుంది. గోదాలో మధ్యవర్తిగా నిలిచేవాడు సాధారణముగా ఒక వయసు మళ్ళిన వస్తాదు. అతని చేతిలో గడియారము ఉండదు, కాగితము ఉండదు. ఒకడు రెండవవాని వీపును నేలకు తాకించి వెల్లకిలా పడవేస్తే కుస్తీ అయిపోయినట్లే. చిత్తు అయినవాడు లేచి మట్టి దులుపుకొని పోతాడు. చుట్టూ కూర్చున్న వేయిమంది చూశారు కనుక తగవుకు తావు లేదు.

అదే జిల్లాలో సాలూర మండలములోని హున్సా అనే గ్రామములో హోలీనాడు ఇంకొక పోరాటము జరుగుతుంది. కుస్తీలు ముగిసిన తరువాత ఊరివారు రెండు పక్షాలుగా చీలి, నడుమ పట్టిన మోకుకు ఇరువైపుల చేరి, ఒకరినొకరు పిడికిళ్ళతో గుద్దుకుంటారు. దీనికి పిడిగుద్దులాట అని పేరు. నూరేండ్లకు పైబడిన ఆచారమని గ్రామస్థులు చెప్పుకుంటారు. కొద్ది నిమిషాలలో ఆట ముగుస్తుంది, గాయములకు కామదహనపు బూడిద పూసుకుంటారు, ఒకరినొకరు కౌగిలించుకొని ఇండ్లకు పోతారు. పోలీసులు వద్దన్న సంవత్సరాలలో కూడా ఇది ఆగలేదు. ఇందులో గమనించవలసినది ఏమంటే, ఎన్ని గుద్దులు పడినవో ఎవరూ లెక్కించరు. గెలిచిన పక్షము లేదు, ఓడిన పక్షము లేదు. గెలుపు అక్కరలేనప్పుడు లెక్క కూడా అక్కరలేదు.

లెక్క ఎప్పుడు అవసరమైనది? ఇద్దరిలో ఎవడూ పడనప్పుడు.

ప్రాచీన గ్రీసు దేశీయులకు ఈ చిక్కు తట్టినట్లు లేదు. ఒలింపియాలో ముష్టియోధులకు రౌండ్లు లేవు, బరువుల తరగతులు లేవు. ఒకడు చేయి ఎత్తి వ్రేలు చూపి ఓటమి ఒప్పుకొనేవరకు, లేదా లేవలేక పడిపోయేవరకు పోరు సాగేది. మల్లయుద్ధములో మాత్రము మూడు పర్యాయములు పడవేసినవాడు గెలిచినట్లు. చిన్నదైనా ఇది ఒక లెక్కే.

మన ప్రాంతములో ఈ విషయమును గూర్చి వ్రాసిన పాత గ్రంథములలో ముఖ్యమైనది మానసోల్లాసము. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు క్రీ. శ. 12వ శతాబ్దము పూర్వార్ధములో సంస్కృతమున దీనిని రచించాడు. ఉత్తర తెలంగాణము కూడా ఆ కాలములో చాళుక్యుల ఏలుబడిలోనే ఉండేది. ఈ గ్రంథములో మల్లవినోదమనే భాగమున్నది. మల్లులను వయస్సును బట్టి, దేహపరిమాణమును బట్టి, బలమును బట్టి తరగతులుగా విభజించడము, వారికి పప్పుధాన్యములు, మాంసము, పాలు, చక్కెర సమకూర్చడము, వారి సాధన, అన్నీ అందులో చెప్పబడినవి. సమానులతోనే సమానులను పోటీకి దింపవలెనన్న భావము దీనిలో ఉన్నది. ఇది అన్ని లెక్కలకు మొదటి మెట్టు. ఏనుగుకు, ఎద్దుకు జరిగిన పోరులో దెబ్బలు లెక్కపెట్టి ప్రయోజనమేమి? ఈ కాలపు బాక్సింగులో కిలోల చొప్పున చేసే తరగతులకు ప్రయోజనము కూడా ఇంతే.

ఇక ఇంగ్లండు. 1743లో జాక్ బ్రాటన్ అనే మల్లుడు తన పోటీశాల కొరకు ఏడు నియమములు వ్రాశాడు. పడిపోయినవాడు అర నిమిషములోగా లేచి రంగము నడుమ గీచిన చోటికి రావలెను, రాకపోతే ఓడినట్లు. తగవులు తీర్చడానికి ప్రేక్షకులలోనుండి ఇద్దరు పెద్దమనుషులను ఎన్నుకోవలెను, వారికి పొత్తు కుదరకపోతే వారే మూడవవానిని ఎన్నుకోవలెను. మన గ్రామ పంచాయితీలో తగవు తీర్చే పద్ధతికి ఇది ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. 1867లో వెలువడిన క్వీన్స్‌బెరీ నియమములు మూడు నిమిషముల రౌండును, ఒక నిమిషము విరామమును, చేతులకు తొడుగులను, పడినవాడు లేవడానికి పది సెకండ్ల గడువును స్థిరపరచినవి. వీటిని వ్రాసినవాడు జాన్ గ్రాహం చేంబర్స్. క్వీన్స్‌బెరీ ప్రభువు తన పేరు మాత్రము ఇచ్చాడు. అయినా పేరు ప్రభువుకే దక్కినది.

ఇక్కడ ఒక చిత్రము జరిగినది. తొడుగులు వచ్చిన తరువాత, రౌండ్లకు కాలపరిమితి వచ్చిన తరువాత, ఇద్దరు యోధులూ చివరిదాకా నిలబడి ఉండడము తరచయినది. వెనుకటి పద్ధతిలో పోరాటమే తీర్పు చెప్పేది. ఇప్పుడు గంట మ్రోగినది, ఇద్దరూ నిలబడే ఉన్నారు, ఎవరు గెలిచినట్లు? యోధులను కాపాడడానికి చేసిన సంస్కరణ తీర్పును యోధుల చేతులలోనుండి తీసి తీర్పరుల చేతులలో పెట్టినది. 1908 లండన్ ఒలింపిక్ పోటీలలో పద్ధతి ఇది: మూడు రౌండ్లు. మొదటి రెండింటిలో మెరుగైనవానికి ఐదేసి మార్కులు, మూడవదానిలో ఏడు. రెండవవానికి తగినంత తక్కువ. తీర్పరులు ఇద్దరు. వారు ఏకీభవించకపోతే రెఫరీ తేల్చవలెను, లేదా నాల్గవ రౌండు ఆడించవలెను. బడిపిల్లల పరీక్షలకు మార్కులు వేసినట్లే ఉన్నది కదా!

మార్కులు లేకపోతే ఏమయ్యేదో 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్ కుస్తీలు తేటతెల్లము చేసినవి. గ్రీకో-రోమన్ కుస్తీలో మధ్యమ బరువు తరగతిలో రష్యా సామ్రాజ్యము పక్షాన వచ్చిన ఎస్టోనియా మల్లుడు మార్టిన్ క్లెయిన్, ఫిన్లండు మల్లుడు ఆసికాయినెన్ తలపడ్డారు. ఆరుబయట, ఎండలో, 11 గంటల 40 నిమిషములు పెనగులాడిన తరువాత క్లెయిన్ ప్రత్యర్థిని చిత్తు చేశాడు. కాని అంతిమ పోటీకి దిగే సత్తువ అతనిలో మిగలలేదు. స్వీడన్ దేశీయుడు క్లేస్ యోహాన్సన్‌కు బంగారు పతకము పోరాడకనే దక్కినది. అదే పోటీలలో మరొక తరగతిలో అల్‌గ్రెన్, బోలింగ్ అనే ఇద్దరు తొమ్మిది గంటలు పోరాడినా ఫలితము తేలలేదు. నిర్వాహకులు ఇద్దరికీ వెండి పతకములిచ్చి, బంగారు పతకము ఎవరికీ ఇవ్వకుండా ఊరుకున్నారు. గెలవనివానికి బంగారము లేదన్నమాట! కాలపరిమితి, పాయింట్ల లెక్క కుస్తీలో స్థిరపడడానికి ఇట్టి అనుభవములే కారణము. ఈనాడు ఒలింపిక్ కుస్తీలో ప్రత్యర్థిని క్రిందికి తెచ్చి అదుపు చేస్తే రెండు, గాలిలోకి లేపి విసిరితే నాలుగు లేక ఐదు, బరి వెలుపలికి నెట్టితే ఒకటి పాయింట్లు వస్తాయి. చిత్తు చేస్తే మాత్రము లెక్కతో పని లేదు, వెంటనే గెలుపు. గోదాలోని పాత న్యాయమును ఆధునిక నియమములు కూడా తీసివేయలేదు. 2016లో రియోలో సాక్షి మలిక్ కంచు పతకపు పోటీలో 0-5తో వెనుకబడి ఉండి, చివరి నిమిషములలో 8-5తో గెలిచినది. పాయింట్ల పద్ధతి లేకపోతే ఆ ఉత్కంఠ ఉండేదే కాదు.

కంటికి కనపడనంత వేగముగా జరిగే పోటీలలో లెక్క మరింత కష్టము. కత్తిసాములో కత్తి మొన తగిలినదా లేదా అన్నది చూడడానికి వెనుక నలుగురు తీర్పరులు నాలుగు మూలల నిలబడేవారు. వారి కన్నులు చాలలేదు. విద్యుత్తును ఆశ్రయించవలసి వచ్చినది. ఎపే అనే కత్తి మొనలో ఒక చిన్న స్ప్రింగు మీట అమర్చుతారు. 750 గ్రాముల బరువును ఎత్తగల ఒత్తిడి పడినప్పుడే అది నొక్కుకొని, వలయము పూర్తియై, దీపము వెలుగుతుంది. ఊరక రాసుకుపోతే వెలగదు. 1936 బెర్లిన్ ఒలింపిక్ పోటీలలో ఎపేకు, 1956 మెల్‌బోర్న్‌లో ఫాయిల్ కత్తికి, 1992 బార్సిలోనాలో సేబర్‌కు ఈ పద్ధతి వచ్చినది.

యంత్రము పక్షపాతము చూపదు. కాని యంత్రమును మోసగించవచ్చును. 1976లో మాంట్రియాల్‌లో సోవియట్ క్రీడాకారుడు బోరిస్ ఒనిష్చెంకో తన కత్తి పిడిలో ఒక రహస్యపు మీట అమర్చుకొని వచ్చాడు. అతడు కోరినప్పుడు దీపము వెలిగేది. ఇంగ్లండు ఆటగాడు జిమ్ ఫాక్స్ తనకు కత్తి తగలకుండానే దీపము వెలగడము చూసి అభ్యంతరము చెప్పాడు. కత్తిని విప్పి చూడగా గుట్టు బయటపడినది.

మోసము మాట అటుంచినా ఇంకొక పరిమితి ఉన్నది. సేబర్, ఫాయిల్ పోటీలలో ఇద్దరి దీపములూ ఒకేసారి వెలిగితే, దాడికి హక్కు ఎవరిదో రెఫరీయే చెప్పవలెను. తగిలినదని చెప్పగలిగే తీగ, ఎవరు ముందు దాడికి పూనుకున్నారో చెప్పలేదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ పోటీలలో భారతదేశము తరపున తొలిసారిగా కత్తిసాములో పాల్గొన్న చెన్నై యువతి చదలవాడ భవానీదేవి మొదటి పోటీని 15-3తో గెలిచి, రెండవదానిని ఫ్రాన్సుకు చెందిన మనోన్ బ్రూనే చేతిలో 7-15తో పోగొట్టుకున్నది. ఆమె కత్తి సేబరే.

బాక్సింగు చరిత్రలో పెద్ద మలుపు 1988. సియోల్ ఒలింపిక్ అంతిమ పోటీలో అమెరికా యువకుడు రాయ్ జోన్స్, కొరియా దేశీయుడు పార్క్ సి-హున్ తలపడ్డారు. అమెరికా టెలివిజను వారి లెక్క ప్రకారము జోన్స్ గుద్దులు 86 తగిలినవి, పార్క్‌వి 32. తీర్పు మాత్రము 3-2తో పార్క్‌కు వచ్చినది. ఆ పోటీలన్నిటిలో ఉత్తమ బాక్సరు బహుమతి మరల జోన్స్‌కే ఇచ్చారు! ఇంత రచ్చ అయిన తరువాత, తీర్పరి మనస్సును కాక చేతివ్రేళ్ళను మాత్రమే వాడుకొనే పద్ధతి కావలెనని అందరికీ తోచినది.

1992లో బార్సిలోనాలో కంప్యూటరు వచ్చినది. ఐదుగురు తీర్పరుల ఎదుట ఎర్ర మీట, నీలి మీట. గుద్దు సరిగా తగిలినట్లు తోచినప్పుడు ఆ యోధుని రంగు మీటను నొక్కవలెను. ఒక సెకండులోపల ముగ్గురు నొక్కితే ఒక పాయింటు. ఒక్కడు పక్షపాతముతో ఎంత నొక్కినా ప్రయోజనము లేదు. చూడడానికి లోపములేని ఏర్పాటు.

లోపము గణితములో ఉన్నది. తల ముందు భాగమున స్పష్టముగా తగిలిన గుద్దును ఒక్కొక్క తీర్పరి నూటికి 80 పర్యాయములు చూసి నొక్కగలడనుకొందాము. ఐదుగురిలో కనీసము ముగ్గురు నొక్కే అవకాశము లెక్కకడితే నూటికి 94 వస్తుంది. డొక్కలో దగ్గరగా పడిన గుద్దు ప్రత్యర్థి మోచేతి చాటున ఉంటుంది. దానిని ఒక్కొక్కరు నూటికి 20 పర్యాయములే పట్టగలరనుకొంటే, ముగ్గురు ఏకకాలమున పట్టే అవకాశము నూటికి 6 మాత్రమే. ఒక్కొక్క తీర్పరి దృష్టిలో ఈ రెండు గుద్దుల మధ్య తేడా నాలుగింతలు. యంత్రము లెక్కలో అది పదహారింతలయినది. అంటే ఐదుగురి ఏకాభిప్రాయమును కోరే యంత్రము కనపడేదానిని మరింత పెద్దది చేసి, కనపడనిదానిని దాదాపు చెరిపివేస్తుంది. ఒకే సెకండులో వరుసగా నాలుగు గుద్దులు పడినా దక్కేది తరచుగా ఒక్క పాయింటే.

బాక్సర్లు ఈ సంగతి గణితము చదవకుండానే కనిపెట్టారు. డొక్కలో గుద్దడము మానారు. వరుస గుద్దులు మానారు. దూరము నుండి ఒక్కటి తగిలించి వెనుకకు తప్పుకోవడము, ఆధిక్యము వచ్చిన తరువాత చేతులు మూసుకొని కాలము గడపడము నేర్చారు. పగలు కాదు, రాత్రి కాదు, లోపల కాదు, బయట కాదు అని హిరణ్యకశిపుడు ఎంత బిగువుగా వరము కోరుకున్నా గడప అనే సందు మిగిలిపోయినదని ధర్మపురి వాసులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

సమానమైతే ఏమి చేయాలన్న చిక్కు కూడా వచ్చినది. 2008లో బీజింగులో అఖిల్ కుమార్, ప్రపంచ విజేతయైన రష్యా బాక్సరు వొదొప్యానొవ్ 9-9గా నిలిచారు. అప్పుడు ఏకాభిప్రాయము కుదరక పక్కకు పోయిన నొక్కుళ్ళను కూడా తిరిగి లెక్కించి అఖిల్ గెలిచినట్లు ప్రకటించారు. పారవేసిన లెక్కే చివరకు తీర్పు చెప్పినది!

2013లో కంప్యూటరు మీటలను తీసివేశారు. వృత్తి బాక్సింగులో వాడుకలో ఉన్న పది పాయింట్ల పద్ధతి వచ్చినది. ప్రతి రౌండులోను మెరుగైన బాక్సరుకు 10, రెండవవారికి సాధారణముగా 9, చాల వెనుకబడితే 8. ఐదుగురు తీర్పరులు. అయితే 2016 రియో పోటీలలో ఐదుగురిలో ముగ్గురి మార్కులనే కంప్యూటరు చీటీ తీసినట్లు ఎన్నుకొనేది. తీర్పులపై ఫిర్యాదులు రాగా కొందరు తీర్పరులను పోటీల మధ్యలోనే ఇంటికి పంపారు. 2021లో వెలువడిన మెక్‌లారెన్ విచారణ నివేదిక అక్కడ తీర్పులను తారుమారు చేసే ఏర్పాటు ఉండినదని చెప్పినది. ఈలోగా, 2019లో, అంతర్జాతీయ బాక్సింగు సంఘమును ఒలింపిక్ సంఘము సస్పెండు చేసినది. టోక్యోలో ఐదుగురి మార్కులూ లెక్కలోకి వచ్చినవి.

ఆ టోక్యోలోనే మేరీ కోమ్ పోటీ ఈ లెక్కల స్వభావమును చక్కగా చూపుతుంది. కొలంబియాకు చెందిన ఇంగ్రిట్ వాలెన్సియాతో మూడు రౌండ్లు. మొదటి రౌండు 4-1తో వాలెన్సియాది. రెండవది 3-2తో మేరీది. మూడవది కూడా 3-2తో మేరీదే. మూడింటిలో రెండు రౌండ్లు గెలిచినది కనుక తానే గెలిచానని మేరీ అనుకున్నది, చేయి కూడా ఎత్తినది. తీర్పు 3-2తో వాలెన్సియాకు వచ్చినది. ఇందులో మాయ లేదు. పద్ధతి ప్రకారము రౌండ్లను కలపరు. ఒక్కొక్క తీర్పరి తన మూడు రౌండ్ల మొత్తము కట్టి విజేతను చెబుతాడు, ఆ ఐదు తీర్పులను కలుపుతారు. ఐదుగురు తీర్పరులు, మూడు రౌండ్లు, వెరసి పదునైదు చిన్న తీర్పులు. వాటిలో వాలెన్సియాకు ఎనిమిది, మేరీకి ఏడు. అడ్డముగా కూడితే ఒకరు, నిలువుగా కూడితే మరొకరు గెలిచే పట్టిక ఇది. ఏ విధముగా కూడవలెనన్నది ముందుగా ఒప్పుకొన్న కట్టుబాటు మాత్రమే.

మరుసటి సంవత్సరము, 2022 మే 19న, ఇస్తాంబులులో నిజామాబాదు యువతి నిఖత్ జరీన్ 52 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయినది. అంతిమ పోటీలో థాయిలాండుకు చెందిన జిట్‌పాంగ్ జుటామాస్‌పై తీర్పు 5-0. ఈ అంకెను చూచినవారు ఆట ఏకపక్షముగా సాగినదనుకొంటారు. తీర్పరుల కాగితములు చూస్తే ఇద్దరు 30-27 అన్నారు, అనగా మూడు రౌండ్లూ నిఖత్‌వే. మిగిలిన ముగ్గురు 29-28 అన్నారు, అనగా ఒక్కొక్క రౌండు జుటామాస్‌కు ఇచ్చారు. రెండవ రౌండులో థాయి యువతి పుంజుకొని 3-2తో ముందంజ వేసినది. మూడవ రౌండులో తడబడి ఉంటే ఆ ముగ్గురి మొత్తములు తిరగబడి ఉండేవి, 5-0 కాస్తా 2-3 అయ్యేది. రెండింటికి నడుమ ఉన్నది మూడు నిమిషముల పోరు. నిఖత్ 2023లో ఢిల్లీలో, ఈసారి 50 కిలోల తరగతిలో, వియత్నాం బాక్సరు న్గుయెన్ థి టామ్‌పై మరల 5-0తో ప్రపంచ విజేత అయినది. తరగతి మార్చుకోవడానికి కారణము పారిస్ ఒలింపిక్ పోటీలలో 52 కిలోల తరగతి లేకపోవడము. అక్కడ 2024లో చైనాకు చెందిన వూ యూ చేతిలో అదే 5-0తో ఆమె ఓడిపోయినది.

2025లో ఒలింపిక్ సంఘము వరల్డ్ బాక్సింగ్ అనే కొత్త సంఘమునకు తాత్కాలిక గుర్తింపు ఇచ్చి, 2028 లాస్ ఏంజిలస్ పోటీలలో బాక్సింగును నిలిపినది. పతకము పోతుందన్న భయము కంటె ఆటయే పోతుందన్న భయము లెక్కలు సరిచేయడానికి ఎక్కువ పనికివచ్చినట్లున్నది. నిజామాబాదులో, కరీంనగరులో, ఆదిలాబాదులో చేతికి తొడుగు తొడుగుతున్న పిల్లలు ఇప్పుడు గుద్దడముతోపాటు పట్టిక చదవడము కూడా నేర్చుకుంటున్నారు. మొదటి రౌండు పోతే తక్కిన రెండింటిలో ఎందరు తీర్పరులను తిప్పుకోవలెనో శిక్షకుడు విరామపు ఒక్క నిమిషములో చెబుతాడు. సరిహద్దు పల్లెల జాతరలో మాత్రము పొద్దు గూకినా ఇద్దరు పైల్వానులూ చిత్తు కాకపోతే, వస్తాదు ఇద్దరి చేతులూ పట్టి ఒకేసారి పైకెత్తుతాడు, పందెపు సొమ్ము చెరిసగము చేస్తారు.